పొద్దుగాల పద్యం: మల్లాపూర్ టీకా తాత్పర్య సహితం

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు మేఘదూతానికి సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. ఆ కావ్యం సగానికి సగం దారి చెప్పడమే. రామగిరి మీద కూర్చున్న యక్షుడు మబ్బును పిలిచి, ఏ కొండ మీద అలుపు తీర్చుకోవాలో, ఏ ఏట్లో నీళ్లు తాగాలో, ఏ ఊరి మేడల మీద రాత్రి గడపాలో అలకాపురి దాకా వివరిస్తాడు. మబ్బు మారుమాట లేకుండా వింటుంది. దానికి సంచి లేదు. దారిలో ఆకలనదు. మలుపు తిరగ్గానే కడుపులో తిప్పుతుందనదు. కిటికీ పక్క సీటు కోసం తమ్ముడి మబ్బుతో కొట్లాడదు. మల్లినాథుడు అంత నింపాదిగా వ్యాఖ్యానం నడపగలగడానికి ఇదీ ఒక కారణమే.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు ఆ నియమంలో మొదటి సగం పాటిస్తాడు. రెండో సగం పిల్లలున్న ఇంటి విషయంలో కుదరదు. అక్కరలేదని తీసి పక్కన పెట్టిన వస్తువే ఊరి పొలిమేర దాటగానే మొదట కావాల్సి వస్తుందని లోకానుభవం.

మూలం

పొద్దుగాల లేచి పోదము కొండకు
పిల్లలార యనుచు పెద్దలనిరి;
సంచి సర్దులోపు సగము పొద్దాయెను;
ఇంక నెంత దూర మింటికెపుడు?

కర్త, కాలం

కర్త తెలియదు. మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లోనూ అటు సిరిసిల్ల దాకానూ బడులకు సెలవులిచ్చిన మర్నాడు ఈ పద్యం ఇంటింటా పుడుతుంది కనుక ఇంటికొక కర్త ఉన్నాడనుకోవడమే మేలు.

కాలం తేల్చడానికి జిల్లా పేరైనా ఉంటే ఆధారం దొరికేది. 2016లో దసరా అక్టోబర్ 11న వచ్చింది. కొత్త జిల్లాలు ఏర్పడింది ఆ రోజే. ముందు రాత్రి కరీంనగర్ జిల్లాలో పడుకున్న మల్లాపూర్ పిల్లలు తెల్లారి జగిత్యాల జిల్లాలో లేచారు. సిరిసిల్ల పిల్లలు రాజన్న సిరిసిల్ల జిల్లాలో కళ్లు తెరిచారు. సంచి సర్దకుండా, టికెట్టు కొనకుండా, ఎవరికీ వాంతి కాకుండా దసరా సెలవుల్లో ఇన్ని ఇళ్ల వాళ్లు చేసిన ప్రయాణం ఈ సీమ చరిత్రలో అదొక్కటే. మన కవి అది చూసి ఉంటే చెప్పకుండా ఉండడు. కనుక పద్యం అంతకు ముందుదని ఒక పక్షం. పెద్దలకు ఆ రోజు పిల్లల్ని లేపడంలోనే సరిపోయి జిల్లా సంగతి తెలియలేదని రెండో పక్షం. రెండోదే బలంగా ఉంది.

ప్రతిపదార్థం

పెద్దలు = ఇంటి పెద్దవారు; పిల్లలార = ఓ పిల్లలారా (పేరుపేరునా పిలిస్తే ఒక్కరూ పలకరు కనుక మూకుమ్మడి సంబోధన); పొద్దుగాల = కోడి కూసే వేళ (ముందు రాత్రి వేసిన లెక్క ప్రకారం); లేచి = తాము లేచి, ఒకరిని లేపి, రెండోవారిని లేపేలోగా మొదటివారు మళ్లీ పడుకోగా వారిని తిరిగి లేపి; కొండకు = దేవుడున్న ఎత్తైన చోటికి; పోదము = వెళ్దాము; అనుచు = అంటూ; అనిరి = అన్నారు; సంచి = ప్రయాణపు మూట; సర్దులోపు = సర్దడం ముగిసేలోగా; సగము పొద్దు = పగటిలో సగం; ఆయెను = గడిచిపోయింది; ఇంక నెంత దూరము = ఇంకా ఎన్ని మలుపులున్నాయి; ఇంటికి = మన ఇంటికి; ఎపుడు = ఎప్పుడు పోతాము?

తాత్పర్యం

సెలవుల్లో పిల్లలను కొండకు తీసుకుపోతామని పెద్దలు మాటిచ్చారు. పొద్దున బయలుదేరవలసిన వారు మధ్యాహ్నం బయలుదేరారు. దారిలో పిల్లలు రెండు ప్రశ్నలు అడిగారు. రెంటికీ జవాబు రాలేదు.

విశేషాలు

1. "అనుచు... అనిరి." ఇది పునరుక్తి దోషమని వ్యాకరణం తెలిసినవారు తప్పుపడతారు. అలా అనడం తొందరపాటు. కొండకు పోదామని పెద్దలు ఒక్కసారి అనలేదు. ఎండాకాలం సెలవుల్లో అన్నారు. ఏప్రిల్ ఆఖరున మొదలై జూన్ రెండో వారం దాకా సాగే ఆ సెలవుల్లో జగిత్యాల వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, "గీ ఎండల ఏడికి పోతం బిడ్డా, దసరాకు పోదాం" అన్నారు. వానాకాలంలో నాట్లున్నాయన్నారు. ఇదిగో దసరా. అంటూనే ఉన్న మాటను మళ్లీ అన్నారని కవి రెండు క్రియలతో తేల్చాడు. దోషం పద్యానిది కాదు.

2. "పెద్దలు." ఈ బహువచనంలో ఎవరెవరున్నారో విడదీయాలి. నాయినమ్మ ఉన్నది: ఆమెకు మొక్కు ఉంది. తల్లి ఉన్నది: ఆమెకు పని ఉంది. తండ్రి ఉన్నాడా అంటే, ఈ ప్రాంతంలో ఆ ప్రశ్నకు రెండు పాఠాలు. తండ్రి చుట్టి (సెలవు) మీద వచ్చి ఉంటే ముందు నడుస్తాడు. రాకపోతే ఫోన్లో ఉంటాడు. ఆయన ఉండేది సౌదీ అయినా మస్కట్ అయినా ఊళ్లో అందరూ దుబాయి అనే అంటారు. అక్కడి నుంచి ఇమోలో కాల్ చేసి, "పిల్లలు పైలం, నీళ్ల కాడికి పోనీయకు" అని చెప్పే గొంతు పురాణాల్లో ఆకాశవాణి చేసే పని చేస్తుంది. ఆకాశవాణికి సిగ్నల్ పోయేది కాదు, అంతే తేడా.

3. "పొద్దుగాల." దసరా సెలవులు దాదాపు రెండు వారాలుంటాయి. అందులో ఏ పొద్దుగాల అన్నది పెద్ద చిక్కు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమికి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు సాయంత్రమయ్యేసరికి ఆడవాళ్లు ఇంట్లో ఉండి తీరాలి. పూలు తేవాలి, పేర్చాలి, ఆడాలి, చెరువుకు పోవాలి. సద్దుల తర్వాత దసరా: జమ్మి, పాలపిట్ట, యాట. దసరా తర్వాత చుట్టాలు. చుట్టాలు పోగానే బడి.

అయితే శాస్త్రం దారి చూపించే ఉంచింది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఎందుకు అలిగిందో తలా ఒక కథ చెబుతారు. ఈ టీకాకారుడి మతం ఏమంటే, ఐదు రోజులుగా ఇల్లు కదలని పిల్లల మొహాలు చూసి ఆ తల్లే ఒక రోజు పక్కకు తప్పుకుంది. కనుక పద్యంలోని పొద్దుగాల ఆరో నాటి పొద్దుగాల అని గ్రహించాలి. ఇది తెలియక సద్దుల నాడు ప్రయాణం పెట్టుకున్న తండ్రులు ఇంట్లో అలిగిన బతుకమ్మలను చూశారు.

4. "కొండకు." ఏ కొండ? వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయానికి రాలేదు. మల్లాపూర్‌లోనే కనకసోమేశ్వరస్వామి కొండ ఉంది కనుక అదేనని దగ్గరివాదులు. అక్కడికైతే పొద్దుగాలే లేవడం దేనికని ఆక్షేపణ. కొండగట్టు అని ఎక్కువమంది మతం. జగిత్యాలకు 15 కిలోమీటర్ల దూరంలో, కరీంనగర్ దారిలో, మల్యాల మండలంలో ఆంజనేయస్వామి వెలసిన గట్టు అది. మల్లాపూర్ నుంచి మెట్‌పల్లికో కోరుట్లకో వచ్చి, పెద్ద రోడ్డు పట్టి జగిత్యాల చేరి, బస్సు మారి పోవాలి. బస్సు మారడం పెద్దలకు ఇబ్బంది, పిల్లలకు ఉత్సవం. బస్టాండులో దొరికే ఐస్‌క్రీము వాళ్ల లెక్కలో తొలి పుణ్యక్షేత్రం.

కొండగట్టు మీద పెద్దలకు అంజన్న కనిపిస్తాడు, పిల్లలకు కోతులు కనిపిస్తాయి. ఇద్దరి భక్తిలోనూ లోపం లేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు ఉంటే అందులో ఏముందో కోతి విచారించదు. కొబ్బరి చిప్ప, అరటిపండు, బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టుకుని నడిచే పిల్లవాడు దర్శనానికి ముందే నైవేద్యం సమర్పించినవాడవుతాడు. తినేది ఏదైనా మూసిన సంచిలో, పెద్దల భుజానికి. ఎక్కేదీ దిగేదీ ఘాట్ రోడ్డు కనుక ఒక్క మాట నవ్వు పక్కన పెట్టి చెప్పాలి. 2018 సెప్టెంబర్ 11న ఆ దారిలో కొండ దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. నిండిన బస్సును వదిలేసి తర్వాతి బస్సు కోసం పిల్లలతో కూర్చోవడం ఆలస్యం కిందికి రాదు.

'కొండ' అన్నది లక్షణ, దేవుడున్న ఏ చోటికైనా చెల్లుతుందని మూడో వర్గం. వాళ్ల ప్రకారం వేములవాడ కూడా కొండే. రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు నాయినమ్మ ఎప్పుడో మొక్కింది: మనవడు పుడితే కోడెను కడతానని. ఆ మనవడే ఇప్పుడు కోడెను చూసి తల్లి కొంగులో దూరాడు. తన పేరు మీద తీసుకున్న అప్పు తీరుతున్నదని వాడికి తెలియదు. పుట్టువెంట్రుకలు తీయించాక గుండుతో వచ్చిన తమ్ముణ్ని చూసి అక్క కాసేపు అనుమానించింది, తర్వాత రోజంతా నవ్వింది. ఆమె వరకు వేములవాడ యాత్రా ఫలం అదే.

ధర్మపురి నాలుగో మతం. గోదావరి ఒడ్డున నృసింహుడు. ఆయన మీద శతకం రాసిన శేషప్ప కవి ఆ ఊరివాడే. ఆ ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. "దండం పెట్టుకో" అంటే దేవుడి పేరు అడిగే వయసు పిల్లలకు ఇక్కడ జవాబు చెప్పడం కష్టం. "దున్నపోతు మీద వచ్చే తాత" అని తప్పించుకున్న తల్లులున్నారు. "మనింటికి ఎప్పుడు వస్తడు?" అని పిల్ల అడిగితే ఏ వ్యాఖ్యాతా ఆదుకోలేడు.

నీళ్లే కొండ అనేవారూ ఉన్నారు. దసరా నాటికి ఎగువన వరద బాగుంటే పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తుతారు. ఆ ప్రాజెక్టుకు 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. గేట్లు 42. లెక్కపెట్టడం అప్పుడే నేర్చిన పిల్లకు ఇంతకంటే మంచి పలక లేదు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా వేరే సంఖ్య వస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది, పెద్దలకు అంతసేపు విశ్రాంతి. అక్కడి నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు పొలాల మీదుగా 146 కిలోమీటర్లు నడిచి కరీంనగర్ దగ్గర దిగువ మానేరులో కలుస్తుంది. గేటు చూసొచ్చిన పిల్లకు మర్నాడు మన కాలువను దూరం నుంచి చూపించి, ఇవి నిన్నటి నీళ్లే అని చెబితే, ఆ విహారం రెండు రోజులకు సాగుతుంది. దూరం నుంచే చూపించాలి: గోడలకు సిమెంటు పూత ఉన్న పెద్ద కాలువలో కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపరక కూడా ఉండదు. వాల్గొండ దగ్గర గోదావరికీ ఇదే కట్టడి. నది నవ్వుతున్నట్టే ఉంటుంది, లోతు చెప్పదు.

5. "సంచి." కావ్యానికి ఇది గుండెకాయ. నాయకుడు తండ్రి అనుకునేవారు మూడో పాదం సరిగా చదవలేదు. ఇందులోని ద్రవ్యాలు: చింతపండు పులిహోర, పెరుగు సద్ది, మలీద ముద్దలు, నీళ్ల సీసాలు, ఒక్కొక్కరికి రెండు జతలు (చిన్నవాడికి నాలుగు), పాత తువ్వాలు, నిమ్మకాయ, వాంతికి కవర్లు, జ్వరం మందు, దువ్వెన, కుంకుమ పొట్లం, పిల్లకు ఇష్టమైన బొమ్మ, తమ్ముడికి ఆ బొమ్మ లాంటిదే ఇంకోటి. అన్నిటికీ పైన, చెయ్యి పెట్టగానే తగిలేలా, ఆధార్ కార్డులు.

ఆధార్ ఎందుకన్నది మూలంలో లేదు. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ ప్రయాణం ఉచితం. కండక్టరు ఆధార్ చూసి వారికి సున్నా టికెట్టు ఇస్తాడు. ఐదేళ్లు దాటిన పిల్లవాడికి పన్నెండేళ్ల దాకా అర టికెట్టు. తండ్రికి పూర్తి టికెట్టు. ఒకే సీటు వరుసలో పూర్ణం, అర్ధం, శూన్యం మూడూ కూర్చుంటాయి. ఉపనిషత్తు చదివినవారికి కూడా ఒకే బస్సులో ఇన్ని దర్శనాలు దొరకవు. "అక్కకు సున్నా అయితే నాకు సగం ఎందుకు?" అని పిల్లవాడు అడిగాడు. తను సగమే ఎందుకయ్యాడన్నది వాడి బాధో, అక్క కంటే తనకే ఎక్కువ వచ్చిందన్నది వాడి గర్వమో కండక్టరుకు తెలియలేదు. నాయినమ్మ మాత్రం తన సున్నాను కొంగున కట్టుకుంది. తన జీవితంలో మొగుణ్ని అడగకుండా ఎక్కిన బస్సులన్నీ ఆ సున్నాలోనే ఉన్నాయి.

6. "సగము పొద్దాయెను." సంచి సర్దడానికి అంతసేపా అని పట్నం పాఠకులు అడుగుతారు. వారికి తెలియనిది ఏమంటే, ఈ ఊళ్లలో చాలా ఇళ్లలో తల్లి ప్రయాణానికి ముందు బీడీల లెక్క తేల్చాలి. నిన్న రాత్రి తొమ్మిదింటి దాకా ఒళ్లో చాట పెట్టుకుని చుట్టినవి కట్టలు కట్టి కంపెనీలో ఇచ్చి రావాలి. ఒక్క రోజు మానితే మానవచ్చు, కానీ ఆ రోజు కూలి కూడా మానుతుంది. కనుక సగం పొద్దు పోయింది సంచి వల్ల కాదు. "మీ అమ్మే ఆలస్యం చేసింది" అని బస్సులో తండ్రి అన్న మాట సరైన అన్వయం కాదు. ఈ టీకలో దాన్ని ఖండించడమైనది.

పాఠాంతరాలు

"కొండకు" అన్నచోట "కుంటాల" అనే పాఠం కొన్ని ఇళ్లలో ఉంది. ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతం చూడదగిందే. కానీ పెద్దలకే కాళ్లు వణికే మెట్లు అవి, చంకన పిల్లను పెట్టుకుని దిగడం పద్యానికి నిండుదనం ఇవ్వదు.

"ముత్యంపేట" అనే పాత పాఠం ముప్పై దాటినవారి నోళ్లలో ఉంది. మల్లాపూర్ మండలంలోని ఆ ఊరి చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో సంక్రాంతి సెలవులంటే చెరుకు బండ్లే. బండి వెనక పరుగెత్తి ఒక గడ లాగడం, డ్రైవరు తిట్టడం, ఇంటికొచ్చాక తల్లి తిట్టడం, మధ్యలో తీపి. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పాఠం తాళపత్రాల్లోకి పోయింది. ఇప్పటి పిల్లలకు వాళ్ల తండ్రులు ఆ కథ చెబితే, "పైసలియ్యకుంట తీసుకున్నవా డాడీ?" అని అడుగుతున్నారు.

పూర్వపక్షం

"మూడేళ్ల పిల్లకు ఇవేవీ గుర్తుండవు. ఇంత శ్రమ దేనికి?" అని ఒక ఆక్షేపకుడు. సాధారణంగా ఈయన మేనమామ. పెళ్లి కాలేదు.

"రెండు నెలల చుట్టి మీద వచ్చిన, మళ్లా రెండేండ్లకు గాని రాను. పొద్దున బాసర, మధ్యాహ్నం పోచంపాడు, సాయంత్రం వేములవాడ. అన్నీ చూపెడత" అని ఇంకో ఆక్షేపకుడు. ఈయన తండ్రి. కారు మాట్లాడి పెట్టాడు.

సిద్ధాంతం

మొదటివారికి జవాబు. పిల్లను తీసుకుపోయేది జ్ఞాపకం కోసం అని ఎవరు చెప్పారు? అన్నం తిన్న సంగతీ పిల్లకు గుర్తుండదు, ఎముక మాత్రం పెరుగుతుంది. అమ్మ బీడీ చాట పక్కన పెట్టి చేతులు ఖాళీగా కూర్చున్న రోజు ఏడాదిలో ఎన్నోసారి వస్తుంది? నాయినమ్మ కిటికీ దగ్గర కూర్చుని తను పుట్టిన ఊరి తొవ్వ చూపించేది మరెప్పుడు? అది పిల్ల చూసింది. చూసిందని ఆమె చెప్పలేకపోతే ఏం?

రెండోవారికి జవాబు కొంచెం మెత్తగా చెప్పాలి, ఎందుకంటే ఆయన వాదంలో ఉన్నది ఆశ కాదు, లెక్క. రెండేళ్లు రోజుల్లో లెక్కపెట్టి దాచుకున్నవాడు రెండు నెలలను గంటల్లో ఖర్చుపెడతాడు. కానీ పిల్లల గడియారం వేరు. వారికి మధ్యాహ్నం ఒక నిద్ర ఉంటుంది. ఆ నిద్రను ఏ తీర్థంలోనైనా వారు పుచ్చుకుంటారు. మూడు క్షేత్రాల కారులో మొదటిది పిల్లలు చూస్తారు, రెండో దానిలో పడుకుంటారు, మూడో దానిలో ఏడుస్తారు. మూడో చోట నాలుగు ఫొటోలు దిగుతారు, నాలుగింటిలోనూ ఎవరో ఒకరు కోపంగా ఉంటారు. చివరికి తండ్రి దుబాయి తిరిగిపోయేటప్పుడు వెంట వెళ్లేవి ఆ ఫొటోలే.

కనుక సూత్రం: ఒక దినానికి ఒక కొండ. ఆ కొండ దగ్గర కాసిన్ని నీళ్లు, ఒక చెట్టు నీడ, ఇంటి నుంచి తెచ్చిన అన్నం. ఎండ దిగకముందే తిరుగు బస్సు. ఈ నాలుగూ ఉంటే ఏ మూర్తి అయినా వరమిస్తాడు. ఏ కొండా కుదరని రోజు, బతుకమ్మకు గునుగు కోయడానికి చేనుకు తీసుకుపోయినా ఫలం సమానమే. గునుగు అంటే రైతుకు కలుపు, తెల్ల వెండి కుచ్చు లాంటి పువ్వు మక్కచేన్ల గట్ల మీద దానంతటదే లేస్తుంది. కలుపు మందులు పెరిగాక వెతకవలసి వస్తున్నది. అది మంచిదే, వెతకడమే పిల్లలకు ప్రయాణం. తెచ్చిన పువ్వుకు రంగులద్దితే వాళ్ల చేతులు దసరా దాకా ఎర్రగా, ఆకుపచ్చగా ఉంటాయి. టికెట్టు అందరికీ శూన్యం, తండ్రికి కూడా.

నాలుగో పాదం ఎవరిది?

మొదటి రెండు పాదాలు పెద్దల మాట అని కవి స్పష్టంగా చెప్పాడు. మూడోది కవి మాట. నాలుగో పాదం ఎవరు అన్నారో చెప్పలేదు. పిల్లలన్నారని అందరూ అనుకుంటారు, మనమూ తాత్పర్యంలో అలాగే రాశాం. వాచ్యార్థం అదే.

కొంచెం లోపలికి పోతే వేరే గొంతులు వినిపిస్తాయి. మెట్లెక్కుతూ మోకాళ్లు పట్టుకుని "ఇంకెంత దూరమురా" అన్నది నాయినమ్మ. తిరుగు బస్సు రాక నిలబడి, పొద్దున్నే ఇవ్వాల్సిన బీడీలను తలచుకుని "ఇంటికెప్పుడు" అన్నది తల్లి. నిద్రపోయిన పిల్లను భుజం మార్చుకుంటూ ఆ రెండూ అన్నది తండ్రి. ఇది లక్ష్యార్థం: పిల్లలు మొదలుపెట్టిన ప్రశ్నను సాయంత్రానికి ఇంటిల్లిపాదీ పంచుకున్నారు.

వ్యంగ్యార్థం ఇంకొకటి ఉంది. అది తెలియాలంటే ఈ ప్రాంతంలో సెలవులు లేని నెలల్లో పిల్లలు ఫోన్లో ఏమడుగుతారో విని ఉండాలి. ఏడాది పొడుగునా దుబాయి ఫోను ఎత్తగానే పిల్ల అడిగే మాట "ఇంటికెప్పుడు?" అనే. అక్కడికి ఇంకెంత దూరమో ఆ పిల్లకు పటంలో చూపించినా తెలియదు. పిల్లలు బస్సులో ఈ రెండు ప్రశ్నలూ అడుగుతుంటే విసుక్కోని తండ్రులు ఈ సీమలో కొందరుంటారు, వారిని చూసి పక్క సీటువారు ఆశ్చర్యపోతారు. రెండేళ్లు ఫోన్లో విన్న ప్రశ్నను పక్కన కూర్చుని వినడానికే ఆ తండ్రి కారు మాని బస్సెక్కాడని వారికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు మాత్రం ఆయన దగ్గర జవాబుంది: "ఇదో, గీ మలుపు తిరిగితే." ఏ మలుపైనా అదే జవాబు.

అలంకారం, ఛందస్సు

అలంకారం శ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యాన్ని రాముడి కథగా, పాండవుల కథగా రెండు విధాల చదువుకోవచ్చు. ఈ పద్యమూ ద్వ్యర్థే. పెద్దలు చదివితే మొక్కు, దర్శనం, ప్రసాదం. పిల్లలు చదివితే కోతి, నీళ్లు, ఐస్‌క్రీము. రెండర్థాలూ ఒకే బస్సులో పోయి ఒకే బస్సులో వస్తాయి. ఒకదాన్ని ఒకటి దిద్దబోతేనే రసభంగం. "కోతులను చూసుడు ఆపి దండం పెట్టు" అన్నప్పుడు సరిగ్గా అదే జరుగుతుంది. అంజన్న గుడి ముందర కోతిని చూడటం తప్పెలా అవుతుందో ఆ పెద్దలే చెప్పాలి.

ఛందస్సు ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రాస నియమం లేదు, అంటే ఏ వరుసలో రెండో సీటు ఎవరిదన్న గొడవ లేదు. యతి ఉంది. నాలుగో పాదంలో "ఇంక"కూ "ఇంటికి"కీ యతి కుదిరింది. కంద పద్యాలు రాయరాదా అని అడిగేవారుంటారు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలోనే జినవల్లభుడు తెలుగు కందాలు చెక్కించాడు. ఆయన పంప మహాకవి తమ్ముడు. రాతి మీద చెక్కేవారికి తీరిక ఉంటుంది, కందం కుదురుతుంది. పిల్లను చంకనేసుకుని బస్సు వెనక పరుగెత్తేవారికి ఆటవెలదే గతి.

ఫలశ్రుతి

ప్రయాణానికి ముందు రాత్రి ఈ పద్యాన్ని టీకతో సహా చదివిన తల్లికి రెండో చెప్పు దొరుకును. చదివిన తండ్రికి మూడు కొండలు ఒక కొండగా కనిపించును. విన్న నాయినమ్మ మొక్కు తీరి, ఇంటికి రాకముందే కొత్త మొక్కు మొక్కును. చదవకుండా బయలుదేరిన వారి నీళ్ల సీసా మూత సంచిలోనే ఊడును. ఎవరు ఎన్నిసార్లు చదివినా పిల్లలు "ఇంకెంత దూరం" అని అడగడం మానరు. ఆ వరం ఇవ్వగల దేవుడు కొండగట్టులోనూ లేడు, వేములవాడలోనూ లేడు, ఉంటే గుడి ముందర క్యూ మెట్‌పల్లి దాకా ఉండేది.

ఇది దసరా సెలవులకు మల్లాపూర్ టీక. సంక్రాంతి పద్యానికి టీక పతంగులు తెగాక.